పొమ్మంటే వచ్చే పునుగు

"దాని సామాన్లు సర్దిపెట్టు" అన్నాడాయన, అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, వాష్‌బేసిన్ మీది అద్దంలోకి చూస్తూ. మొహం చూసి చెబితే ఎదురు మాట వస్తుంది, అద్దంలోకి చెబితే రాదు. ఈ ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ పద్మశ్రీ ఆ అద్దంలోంచే విన్నది, కూతురు అక్షయని హాస్టల్లో వేసే నిర్ణయంతో సహా. సామాన్లట! కుక్కపిల్లకి సామాన్లేమిటి, ఏ ఊరికి ట్రాన్స్‌ఫరయిందని? ఒక స్టీలు గిన్నె, ఒక మెడపట్టీ, నమిలి నమిలి కుచ్చుల్లా పీచు తేలిన నూలుతాడు ముక్క, వంటింటి మూల సగం మిగిలిన మేత సంచి, అంతే దాని ఆస్తి. అవి సర్దడానికి లేవాలంటే పాదాల మీద పడుకున్నదాన్ని లేపాలి. హాల్లో నేల మీద, సోఫాకి వీపు ఆనించి కూర్చుంది పద్మశ్రీ. ఆమె రెండు పాదాలనీ దిండు చేసుకుని, పొట్ట ఎగరేస్తూ నిద్రపోతోంది పునుగు. పడగ్గది తలుపు వెనక ఏసీ చప్పుడు, దాన్ని మించి సూర్యప్రకాష్ గురక. నాలుగింటికి కాశీరావుగారు బొలెరో వేసుకొస్తారు. ఎక్కించి పంపెయ్యడమే. చీకటి పడకముందే ఆయన కైకలూరు చేరుకోవాలి. అక్కడ చేపల చెరువు, చెరువు గట్టు మీద మేత షెడ్డు, షెడ్డుకో గుంజ, గుంజకో గొలుసు. ఆ గొలుసు కూడా మన కొట్లోంచే తీసిచ్చానన్నాడు ఆయన, సారె పెట్టి పంపుతున్నట్టు.

కోపం వస్తే పద్మశ్రీ అరవదు. అరిచే పని ఇంట్లో ఒకరు చూసుకుంటున్నారు గనక ఆ శాఖ ఆమెకి దక్కలేదు. ఆమె కోపం లోపలే తిరుగుతుంటుంది, మూత బిగించిన మిక్సీలో పచ్చడిలాగా, బయటికి చప్పుడు తప్ప రుచి తెలియకుండా. ఇవాళ చప్పుడు కూడా లేదు, చప్పుడు చేస్తే ఇది లేస్తుంది. లేస్తే ఈ ఉన్న గంటా పరుగులే. పడుకోనీ. ఎండాకాలం సెలవుల్లో వచ్చింది ఇది, చెప్పులపెట్టెలో, మూత తియ్యగానే నెయ్యి వాసనా పాలవాసనా కలిసినట్టు ఏదో వాసన. టెన్త్‌లో అన్ని మార్కులు వస్తే ఏం కావాలే అన్నాడు తండ్రి, కుక్కపిల్ల అంది అక్షయ, తెచ్చాడు, కాదనడానికి లేదు. తెచ్చాక నెల తిరక్కుండానే పిల్లని ఊరవతల కాలేజీ హాస్టల్లో పడేశాడు. బహుమతి ఇంట్లో, దాన్ని గెలుచుకున్నది ఫిజిక్సు పుస్తకం కింద. వెళ్ళే ముందు అక్షయ దానికి పేరు పెట్టిపోయింది, గుండ్రంగా, నూనెలోంచి అప్పుడే తీసినట్టు ఎర్రగా ఉందని పునుగు అని. ఇదేం పేరు, వన్ టౌన్‌లో నలుగురూ నవ్వరూ, అని ఆయన సీజర్ అన్నాడు. ల్యాబ్రడార్ అని అమ్మినవాడు అమ్మాడు. రెండో నెలకల్లా ఒక చెవి నిలబడింది, ఒకటి వేలాడింది. చెవులు జత కుదరని సీజర్‌ని చూసినప్పుడల్లా ఆయన మొహంలో మోసపోయిన హోల్‌సేలరు కనిపిస్తాడు. వలలూ తాళ్ళూ అమ్మేవాడు, తాడు పట్టుకోగానే పేటలెన్నో చెప్పేవాడు, కుక్క దగ్గర బోల్తా పడ్డాడు. ఆ ఉక్రోషం ఎవరి మీద పోవాలి?

పేరు సీజర్ కదా, మాటలూ ఇంగ్లీషులోనే. కమ్, సిట్, నో, గో. కుక్కకి తెలుగు రాదని ఈ ఊళ్ళో అందరికీ ఓ నమ్మకం. దేవుడికి సంస్కృతం, కుక్కకి ఇంగ్లీషు, పనివాళ్ళకి తెలుగు, పెళ్ళానికి సైగ. పద్మశ్రీ డిగ్రీలో బోటనీ చదివింది, ఇంగ్లీషు మీడియంలోనే చదివింది, ఆ చదువంతా బాల్కనీలో కరివేపాకు కుండీకి సరిపోయింది గాని, ఇంగ్లీషు రాక కాదు. పొద్దున లేచి తన ఇంట్లో తన కుక్కని సిట్ అంటే తన నోరే తనకి టీవీలాగా వినిపించింది. అందుకని కూర్చో అంది. కూర్చుంది. ఆగు అంది, వదులు అంది, రా అంది. పేరులో పద్మశ్రీ ఉండటమే గాని పుట్టాక ఎవరూ ఆమెకి ఏ బిరుదూ ఇచ్చింది లేదు. ఆ మొదటిసారి అది కూర్చున్నప్పుడు మాత్రం, వంటింట్లో ఎవరూ లేకుండా, ఆమె తనకి తనే చప్పట్లు కొట్టుకుంది.

అంతకుముందు ఏం కూర్చునేది! సాయంత్రమయ్యేసరికి పూనకం. సోఫా ఎక్కి, సోఫా దిగి, టీపాయ్ చుట్టూ, డైనింగ్ టేబుల్ కింద, టైల్స్ మీద కాళ్ళు జారి గోడకి కొట్టుకుని, లేచి మళ్ళీ. పళ్ళొస్తున్న దురద, చెయ్యి దొరికితే చెయ్యి, చీర కుచ్చిళ్ళు దొరికితే కుచ్చిళ్ళు. ఆయన పేపరు చుట్టి కొట్టేవాడు. కొడితే అది ఆటనుకుని పేపరుకీ పళ్ళు దింపేది. పద్మశ్రీ బాల్కనీలోంచి పక్క ఖాళీ సైటు చూసేది. అక్కడ వీధికుక్క పిల్లలు దొర్లుతుండేవి. ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని, లేచి, నాలుగడుగులు అవతలికి పోయి వెనక్కి తిరిగి కూర్చునేది, నీతో ఆడను పో అన్నట్టు. కొరికినది బిక్కమొహం వేసుకుని వెనకే వెళ్ళి ఈసారి మెల్లిగా మొదలుపెట్టేది. ఇంతేనా, అనుకుంది. ఆట ఆగిపోవడం కంటే పెద్ద శిక్ష ఉండదన్నమాట చిన్నవాళ్ళకి. మర్నాటి నుంచి పునుగు పన్ను తగిలితే చాలు, పద్మశ్రీ బొమ్మయిపోయేది. చూపు తిప్పి, చేతులు కట్టుకుని, ఊపిరి కూడా మెల్లిగా. ఎవరైనా చూస్తే ఈవిడకేమైందని తాయెత్తు కట్టిస్తారు. అది అటు తిరిగీ ఇటు తిరిగీ, చివరికి కూర్చుని, చెవుల్లో ఒకటి నిలబెట్టి చూసేది. అప్పుడు మళ్ళీ ఆట. కొట్టు నుంచి నమూనా ముక్కలు తెప్పించుకుంది. నైలాన్ చిగుళ్ళు కోస్తుందని నూలుతాడు. లాగు, లాగు, ఇంకా లాగు, ఇప్పుడు వదులు. వదిలితే వెంటనే మళ్ళీ లాగుడు. వదిలితే పోదు, వదిలితేనే మళ్ళీ దొరుకుతుంది అని దానికి అర్థం కావడానికి వారం పట్టింది. ఇంట్లో మనుషులకి ఇంకా పడుతూనే ఉంది.

అన్నిటికంటే దాగుడుమూతలు. వాషింగ్ మెషిన్ వెనక, పరదా వెనక, బియ్యం డబ్బా పక్కన, నలభై దాటిన మనిషి, మోకాలు పట్టేసిన మనిషి, ముడుచుకుని కూర్చుని ఊపిరి బిగపట్టి, ఒక్కసారి, మెల్లిగా, రా. అంతే. ఎక్కడో గోళ్ళ చప్పుడు, టకటకటక, తప్పుడు గదిలోకి, మళ్ళీ వెనక్కి, ముక్కు శబ్దం, దగ్గరగా, ఇంకా దగ్గరగా, ఆ క్షణంలో ఆమె గుండె చిన్నప్పుడు అవనిగడ్డలో వడ్లబస్తాల వెనక దాక్కున్నప్పుడు కొట్టుకున్నట్టే కొట్టుకునేది. దొరికిపోవడం ఎంత బాగుంటుందో ఇన్నేళ్ళూ మరిచిపోయింది. ఎవరో ఒకరు తనని వెతకడం, దొరికినందుకు ఒళ్ళంతా ఊగిపోవడం. ఆ మాటకి ఒక నియమం పెట్టుకుంది పద్మశ్రీ. రా అంటే మంచే జరగాలి. స్నానానికి రా అనదు, సూది మందుకి రా అనదు, గోళ్ళు కత్తిరించడానికి అనదు. వాటికి తనే వెళ్ళి ఎత్తుకుంటుంది. రా అంటే కోడిముక్క, రా అంటే తాడాట, రా అంటే అమ్మ దొరకడం. ఒక్కసారి మోసం చేస్తే ఆ మాట చచ్చిపోతుంది.

ఇదంతా ఆయన లెక్కలో ఆడుకోవడం. మొన్న ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు, తలుపు తీసే ఉంది, "అదా? దానికేం పని, ఇంట్లోనే ఉంటది, తింటది, ఆడుకుంటది, ఏసీలో పడుకుంటది." చేతిలో పోపుగరిటెతో నిలబడి పద్మశ్రీ ఎంత ఆలోచించినా ఆయన అంటున్నది కుక్కనా తననా తేలలేదు. తెలుగులో ఆడమనిషికీ కుక్కకీ క్రియ ఒకటే. వచ్చింది, పోయింది, తిన్నది, పడుకుంది. వ్యాకరణం రాసినవాడు ఎవడో గాని ఇంట్లో అన్నీ చూసే రాసినట్టున్నాడు. చివర్లో ఏసీ మాట వచ్చేసరికి తేలింది, తనైతే కాదు, తను పగలు ఏసీ వెయ్యదు. తేలినందుకు సంతోషించాలో ఏడవాలో తేలలేదు.

పోయిన ఆదివారం ఇంటికి కొత్త పార్టీ వచ్చింది, మచిలీపట్నం నుంచి, తెల్లచొక్కాల్లో ఇద్దరు, పెద్ద ఆర్డరు మాట్లాడటానికి. ఇది వెళ్ళి ఆయన మీదికి దూకింది. వద్దురా అన్నాడు, మళ్ళీ దూకింది. దిగరా అన్నాడు, మోకాలెక్కింది. పోరా అవతలికి అన్నాడు, మెడ ఎక్కినంత పని చేసింది, టీ కప్పు ఆయన ఒళ్ళో పడింది. వచ్చినవాళ్ళలో ఒకడు నవ్వాడు. అదీ నేరం, టీ కాదు. "సొంత కుక్కే వినకపోతే కొట్లో గుమాస్తాలేం వింటారండీ" అన్నాడట ఆ నవ్వినవాడు, లిఫ్టులో. నా మాట ఒక్కటి వినని కుక్క నా ఇంట్లో ఎందుకు, అని ఆ రాత్రే అద్దంలోకి చూస్తూ తీర్పు. కాశీరావు పాత ఖాతాదారు, చెరువు మీద దొంగతనాలున్నాయి, కుక్క కావాలన్నాడు. ఇంకేం. అక్షయకి మాత్రం చెప్పకు, చదువు పాడవుద్ది, దసరా సెలవులకి వచ్చినప్పుడు చూసుకుందాం. సాయంత్రం హాస్టలు ఫోను వస్తుంది. ఆదివారాల్లో ఇచ్చే ఆ కాస్త మాట్లాడుకునే టైములో సగం పునుగుకే పోతుంది, అమ్మా దానికి ఫోనివ్వు, ఊపిరి వినిపించు. ఇవాళ ఏం వినిపించాలి? ఏసీ చప్పుడా?

కింద వీధిలో పాత సామాన్లు కొనే ఆటో మైకు పెట్టుకుని మలుపు తిరిగింది. పాదాల మీద బరువు ఒక్క ఉదుటున లేచింది. బాల్కనీ గ్రిల్లుకి ముక్కు ఆనించి మొరగడం మొదలుపెట్టింది పునుగు, ఇంటికి ప్రాణాపాయం వచ్చినట్టు. గురక ఆగింది. తలుపు వెనక నుంచి ఆయన గొంతు, "నోర్ముయ్ రా! పోరా అవతలికి!" మొరుగుడు తెగిపోయింది. తల తిప్పింది. ఒక చెవి లేచింది. హాలంతా అడ్డంగా దూసుకుపోయి, తలుపు తలతో నెట్టుకుని, మంచం మీదికి. లోపల నుంచి "దిగరా! ఛీ, నాకకురా! పోరా, పోరా, పోరా!" ఒక్కో కేకకీ తోక ఇంకా వేగంగా, ఇంకా పైకి, కడుపు మీంచి ఛాతీ మీదికి. గుమ్మంలో నిలబడిపోయింది పద్మశ్రీ. ఇన్నాళ్ళూ విన్న మాటే, పుట్టినప్పటి నుంచీ విన్న మాటే, తండ్రి నోట, మేనమామల నోట, కొట్లో, వీధిలో, కూరలో ఉప్పులాగా విడిగా కనిపించని మాట. పో, రా. దిగు, రా. వద్దు, రా. ప్రతి తిట్టుకీ తోకలాగా ఒక రా. తిట్టు ముందుకి తోస్తుంటే తోక వెనక నుంచి పిలుస్తోంది. మనుషుల చెవికి తిట్టు వినిపిస్తుంది, దీని చెవికి తోక ఒక్కటే వినిపిస్తోంది. పార్టీ వచ్చిన రోజు కూడా అంతే. ఒక్క మాట తప్పలేదు. పిలిచిన ప్రతిసారీ వెళ్ళింది. ఈ ఇంట్లో ఆయన మాట ఇంత తు.చ. తప్పకుండా విన్న ప్రాణి ఇంకొకటి లేదు, తనతో సహా.

"మీరే పిలుస్తున్నారండీ దాన్ని" అంది.

"ఎవరూ, నేనా? పొమ్మని గొంతు చించుకుంటుంటే!"

"పోరా అంటున్నారు. చివర్న రా ఉంది. రా అంటే రమ్మని నేర్పాను నేను. ఒక్కసారి ఉత్త పో అని చూడండి."

"నేను పొమ్మంటుంటే అది మీదెక్కి కూర్చుంది, మధ్యలో నువ్వు నాకు వ్యాకరణం చెప్తావేంటే!"

"అని చూడండి. మీ సొమ్మేం పోదుగా."

లేచి కూర్చున్నాడు సూర్యప్రకాష్. లుంగీ సర్దుకున్నాడు. వేలు చూపించి, స్కూల్లో పద్యం అప్పజెప్పే పిల్లాడిలాగా, "పో" అన్నాడు. పునుగు తల ఒక పక్కకి వాల్చింది. కొత్త మాట. మెల్లిగా ఒక ముందుకాలు మంచం దించింది, రెండోది దించింది. అంతసేపు ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. ఆ పో నోట్లో కుంటుతూ నిలబడిపోయింది, దానికి ఊతకర్ర కావాలి. "రా! పోరా దున్నపోతా!" అనేశాడు. అది మళ్ళీ ఛాతీ మీద ఉంది.

పద్మశ్రీకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు సగంలోనే ఆగింది, ఎందుకంటే ఆయన దాన్ని నెట్టేసి, మొహం తుడుచుకుని, "అయితే ఏంటిప్పుడు? కుక్క కోసం నా నోరు నేను దిద్దుకోవాలా? సాయంత్రానికి పోయేదానికి ఈ పంచాయితీ ఏంటి? సర్దావా లేదా?" అన్నాడు. ఈసారి అద్దం కూడా లేదు, మొహం చూసే అన్నాడు. నేరం చెయ్యలేదని తేలింది, శిక్ష మాత్రం మారలేదు. అసలు తెలిసి చేసిన అన్యాయానికీ తెలియక చేసినదానికీ తేడా ఉంటుందనుకుంది ఇన్నాళ్ళూ. తెలియదు పాపం, తెలిస్తే అలా చెయ్యడు పాపం, అని ఎన్ని విషయాల్లో ఆయనకి పాపం పక్కన పెట్టి వడ్డించింది! తెలిసింది కదా ఇప్పుడు. అర్థమైంది కూడా, మొహంలో కనిపించింది అర్థమైనట్టు. అర్థమయ్యాకే సర్దావా అన్నాడు.

గిన్నె కడిగింది, తుడిచింది, సంచిలో పెట్టింది, తీసింది, మళ్ళీ కడిగింది. చెరువు గట్టు కళ్ళ ముందుకి వచ్చింది. గట్టు మీద పొద్దస్తమానం ఎవరో ఒకరు ఎవరినో ఒకరు అరుస్తూనే ఉంటారు. మేత చల్లరా, మోటారు కట్టరా, ఎక్కడ చచ్చావురా. గాలికి నీళ్ళ మీంచి ఆ గొంతు ఎంత దూరమైనా వస్తుంది. ప్రతి రాకీ ఇది లేస్తుంది. ఎవరో దాక్కున్నారు, వెతుక్కోవాలి, అమ్మ ఎక్కడో వాషింగ్ మెషిన్ వెనక ఉంది, అని ఉరుకుతుంది. ఉరికిన ప్రతిసారీ గొలుసు మెడని వెనక్కి గుంజుతుంది. మళ్ళీ రా, మళ్ళీ ఉరుకు, మళ్ళీ గుంజు. దీనికి ఏమీ నేర్పకపోయినా బాగుండేది. కమ్ అని నేర్పినా బాగుండేది, గట్టు మీద కమ్ అనేవాడెవడు. మంచి మాట అని వెతికి వెతికి, ఊరంతా అరిచే మాట నేర్పింది. కోపం ఇప్పుడు మిక్సీలో లేదు. చేతుల్లోకి వచ్చింది. కడుగుతున్న గిన్నె సింకుకి తగిలి ఖంగుమంది, పడగ్గదిలోంచి "ఏంటా చప్పుడు?" అని వినిపించింది.

కాశీరావు చెప్పిన టైముకే వచ్చాడు, చేతిలో నీళ్ళు కారుతున్న ప్లాస్టిక్ బకెట్‌తో. "కొర్రమీన్లు చెల్లెమ్మా, ఇంకా కొట్టుకుంటా ఉన్నయ్. ఒట్టి చేతుల్తో రాకూడదుగా." దుర్మార్గుడైతే ఎంత బాగుండేది. నిలువునా మంచివాడు, గుమ్మంలో చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని మరీ లోపలికి వచ్చాడు. పునుగు కొత్త మనిషిని ఆ చివర నుంచి ఈ చివర వరకూ వాసన చూసి, ఇంట్లోకి పోయి, సంచిలో సర్దిన తాడు ముక్కని లాక్కొచ్చి ఆయన పాదాల దగ్గర పడేసింది. "ఓరి నీ, ఆడుకుందామంటావా?" ఆయన తాడు కొస పట్టుకున్నాడు. గుర్రుమంటూ, వెనక కాళ్ళు టైల్స్ మీద జారుతూ లాగింది. చెరువుల్లో వలలు లాగిన చేతులు, ఆయనా వదల్లేదు. "వదులు" అంది పద్మశ్రీ, అలవాటుగా. అది వదిలేసి కూర్చుంది. కాశీరావు చేతిలో తాడు వంక చూశాడు, దాని వంక చూశాడు. "ఇదేందండీ, మా చిన్నోడు ఇంటర్ సదూతున్నాడు, ఒక్క మాటకి ఇట్టా సెల్లు వదిలితే దండేసి దండం పెడదును!"

"మా సీజరండీ" అన్నాడు సూర్యప్రకాష్, సోఫాలో వెనక్కి వాలుతూ. "మేం అన్నీ నేర్పాం. కుక్కకి ఆటలోనే నేర్పాలండీ. కొట్టి నేర్పితే రాదు."

మేం. ఆ మాటలు ఎక్కడివో పద్మశ్రీకి తెలుసు. మొదటి నెలలో ఆయన చేతిలో చుట్టిన పేపరు లాక్కుంటూ తను అన్నవి, అక్షరం మార్చకుండా. పోవాల్సిన రోజున ఇది మా సీజరయింది, నేర్పినవాళ్ళు మేమయ్యారు. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళి పెట్టకుండానే తిరిగొచ్చింది. ఎవరూ గమనించలేదు, లేచి లిఫ్టు దగ్గరికి నడుస్తున్నారు.

బొలెరో గేటు బయట వెనక తలుపు తెరుచుకుని ఉంది. వెనక సీటు తీసేసి గోనెసంచి పరిచారు, పక్కన చుట్టచుట్టిన కొత్త గొలుసు తళతళలాడుతోంది. గేటు గీత దగ్గరికి రాగానే పునుగు కూర్చుంది. ఎవరూ ఆగమనలేదు, చెప్పకుండా గేటు దాటకూడదని దానికి తెలుసు. తల తిప్పి పద్మశ్రీ వంక చూసింది. కింది ఫ్లాటు తెరేసమ్మ బాల్కనీలో బట్టలు తీస్తూ తీస్తూ ఆగిపోయింది. కాశీరావు ఎత్తుకోబోయి వెనక్కి తగ్గాడు. "కొత్తోణ్ణి గదా, భయపడుద్ది. చెల్లెమ్మా, నీ మాటంటే దానికి వేదం. నువ్వు బండెక్కి కూకుని ఒక్క పిలుపు పిలువు, ఎగిరి దూకుద్ది. ఆనక నువ్వు అటుకాణ్ణుంచి దిగిపో."

"ఎక్కు, పిలువు" అన్నాడు సూర్యప్రకాష్.

ఎంత తేలిక! ఒక్క అక్షరం. అనగానే తోక ఊపుకుంటూ దూకుతుంది, తను ఇటు నుంచి దిగి తలుపు వేస్తుంది. అది అద్దానికి ముక్కు ఆనించి, ఎక్కడో దాక్కుందని కైకలూరు దాకా వెతుకుతుంది.

"పిలవను" అంది.

"ఏంటే?"

"పిలవనండీ. పంపేది మీరేగా. మీరే పంపించుకోండి."

అంత గట్టిగా అనలేదు గాని తెరేసమ్మ చేతిలో క్లిప్పు కింద పడింది. సూర్యప్రకాష్ మొహం కాశీరావు కోసం ఒక నవ్వు, పెళ్ళాం కోసం ఒక చూపు, రెండూ ఒకేసారి పెట్టలేక మెలికలు తిరిగింది. "సీజర్! గో! గో ఇన్!" కదల్లేదు అది. "ఎక్కరా!" లేచింది. "ఎక్కరా బండి, పోరా లోపలికి!" గేటు గీత దాటి, బండి వంక చూడను కూడా చూడకుండా, వచ్చి ఆయన మీద పడింది. మడత నలగని ఆదివారం చొక్కా మీద రెండు మట్టి పాదాలు. బండి వైపు నెట్టాడు, "పోరా అంటే!" నెట్టిన చేతిలోంచే తిరిగొచ్చింది. "వద్దురా, దిగరా, నీ యబ్బ, పోరా!" అరిచేకొద్దీ ఆనందం పట్టలేక కుయ్‌కుయ్‌మంటోంది. చేతులు నాకింది, మోచేతులు నాకింది, వంగితే మూతి నాకింది. పద్మశ్రీ గేటు ఊచ పట్టుకుని, పెదవులు బిగించి నిలబడింది.

కాశీరావు కాసేపు చూశాడు. తర్వాత మెల్లిగా బొలెరో వెనక తలుపు వేసేశాడు. "వద్దులెండి సూర్యప్రకాష్‌గారూ."

"అదేంటండీ! ఎక్కిస్తానుండండి."

"ఎక్కిచ్చొద్దు. తిట్టేకొద్దీ మిమ్మల్నే అతుక్కుంటందే! మీరంటే పేణం దానికి. ఎన్ని బూతులు తిట్టినా ఇడిసిపోననేదాన్ని నేను గొలుసేసి ఈడ్చకపోతే నాకు ముద్ద దిగుద్దా? ఇంకో కుక్క దొరక్కపోదు."

ఒక్క మాట. ప్రేమ కాదండీ, చివరన రా ఉంది, అంతే, అని పద్మశ్రీ ఒక్క మాటంటే ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది. ఆ మాట ఆయనకీ తెలుసు. గంట కింద మంచం మీద పరీక్ష కూడా రాశాడు. మొగుడూ పెళ్ళాలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు, మధ్యలో కుక్క. ఆయన నోరు తెరిచాడు. నిజం చెబుతాడేమో అని ఒక్క క్షణం ఆమెకి నిజంగానే భయమేసింది. సూర్యప్రకాష్ గొంతు సవరించుకుని, దాని నిలబడిన చెవి మీద చెయ్యి వేసి, "అవునండీ, చిన్నప్పట్నుంచీ నేనంటే దానికి అదో ఇది" అన్నాడు.

బండి వెళ్ళిపోయింది. "ఏం ప్రేమండీ అన్నగారూ, నాకు కళ్ళనీళ్ళు తిరిగినయ్" అంది తెరేసమ్మ పై నుంచి వంగి. "మూగజీవాలండీ, వాటికి మనసు తెలుసు" అన్నాడాయన, చొక్కా మీది మట్టిని పతకంలాగా దులపకుండా వదిలేసి. పద్మశ్రీకి ఒంటి మీద కారం చల్లినట్టుంది. రాత్రులు లేచినది, బొమ్మలాగా నిలబడినది, మోకాళ్ళు పట్టేసినది, మూడు నెలలు మాట మాట పోగేసి ఇచ్చినది తను. ప్రాణం ఆయన మీద! అరవాలని గొంతు దాకా వచ్చింది. అరిస్తే వినబడుతుంది, బొలెరో ఇంకా మెయిన్ రోడ్డెక్కలేదు. ఆ అబద్ధం మీదే దాని మెడ ఆధారపడి ఉంది, కాబట్టి అబద్ధాన్ని బతకనివ్వాలి. మింగింది. మింగి, మెడపట్టీకి కట్టిన పగ్గం తీసుకెళ్ళి, తెరేసమ్మకి బాగా వినబడేటట్టు, ఎంతో మర్యాదగా మొగుడి చేతిలో పెట్టింది.

"ఏవండీ, అయితే రేపట్నుంచి పొద్దున్నే పున్నమి ఘాట్ దాకా మీరే తిప్పుకురండి. సాయంత్రం ఆట కూడా మీరే. మీరంటే అంత ప్రాణమైనప్పుడు మధ్యలో నేనెందుకు, దాని ఉసురు పోసుకోవడానికి?"

"నాకు కొట్టు..."

"అదీ నిజమే అన్నగారూ" అంది తెరేసమ్మ, బట్టలు ఎత్తుకుంటూ. "మా ఆయన్ని కూడా లేపుతా, తోడొస్తారు. ఆయనకీ మీలాగే షుగరేగా. ఐదున్నరకల్లా కిందుండండి."

ఆయన పగ్గం వంక చూసుకున్నాడు. తెరేసమ్మ వంక చూశాడు. చూస్తూ చెప్పడానికి చుట్టుపక్కల ఎక్కడా అద్దం లేదు.

"మరి ఇప్పుడు ఒక రౌండు వేసి రండి, అలవాటవుద్ది" అని లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల వైపు నడిచింది పద్మశ్రీ. వెనక నుంచి మొదలైంది, "ఆగరా... లాగకురా... ఒరేయ్, చెట్టుకి చుట్టకురా, పోరా అటు..." ఆ గొంతు ప్రహరీ చుట్టూ తిరుగుతోంది, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. మొదటి అంతస్తు మలుపులో నిలబడి, కోపం తగ్గిందేమోనని ఒకసారి లోపలికి తడుముకుని చూసుకుంది. తగ్గలేదు. ఉండనీ, ఆయన ఫోన్లో పొద్దున ఐదింటికి అలారం పెట్టాలి, దానికి పనికొస్తుంది అనుకుని మిగిలిన మెట్లెక్కింది.